హన్నా ఆరెంట్ గురించి అడగడానికి హైడెగర్ తప్ప ఇంకేమీ లేదా?

వేపచెట్టు_నీడ

మా కాలేజీలో నెలకొకసారి అధ్యాపకులమంతా కూర్చుని ఎవరో ఒక రచయిత గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నా వంతు వచ్చింది. నేను చెప్పేది రాజనీతి శాస్త్రం కాబట్టి జర్మనీలో పుట్టిన యూదు రాజకీయ ఆలోచనాపరురాలు హన్నా ఆరెంట్‌ను ఎంచుకున్నాను. 1951లో వచ్చిన ‘ది ఆరిజిన్స్ ఆఫ్ టోటాలిటేరియనిజం’లో ఆమె ఒక వాదన చేస్తుంది. మనిషికి పుట్టుకతోనే హక్కులు వస్తాయని ఎంత చెప్పుకున్నా, పౌరసత్వం ఊడిపోయిన రోజున ఆ హక్కులను నిలబెట్టే నాథుడు ఉండడని, అందుకే అన్నిటికన్నా ముందు కావలసింది హక్కులు కలిగి ఉండే హక్కు అని. నా ప్రసంగమంతా దీని చుట్టూనే తయారు చేసుకున్నాను.

ప్రశ్నలు అడగమనగానే మొదటి చెయ్యి లేచింది. ‘ఆవిడకు గురువుతో సంబంధం ఉందట కదా, ఆయన నాజీ అట కదా?’ రెండో ప్రశ్న ఆయన భార్యకు తెలుసా అని. మూడోది, యూదురాలై ఉండి ఆయనను ఎలా క్షమించిందని. నాలుగో ఆయన ప్రశ్న కూడా అడగలేదు, ఏకంగా తీర్పు చెప్పేశారు. ‘ఆమె ఆలోచనంతా ఆయన పెట్టిన భిక్షేనండీ.’

అంతకుముందు నెల అదే గదిలో రూసో గురించి మాట్లాడుకున్నాం. పుట్టిన ఐదుగురు బిడ్డలనూ అనాథాశ్రమానికి పంపించి, ఆ తరువాత పిల్లల పెంపకం మీద పుస్తకం రాసిన మహానుభావుడు. ఆ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. సామాజిక ఒడంబడిక గురించి ఎంతో గంభీరంగా చర్చించారు.

మగవాడి జీవితంలో జరిగినది ఆయన జీవితం వరకే ఉంటుంది. ఆడమనిషి విషయానికి వచ్చేసరికి అది ఆమె బుర్రకు వివరణ అయిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు

రూసో బిడ్డల సంగతి ఎవరూ ఎత్తకపోవడానికి కారణం సంస్కారం కాదు, తెలియకపోవడం. తెలిసి ఉంటే సామాజిక ఒడంబడిక గాలికి పోయేది. మనవాళ్ల మీద అంత నమ్మకం పెట్టుకోకండి.

మామిడితాండ్ర

నాకు ఈ హైడెగర్ కథే తెలియదు. ఎవరైనా నాలుగు ముక్కల్లో చెబుతారా? చెబితే నేను కూడా ఒక తీర్పు పడేసి పోతాను.

పాతసంచిక

నాలుగు ముక్కల్లో కుదరదు కానీ ప్రయత్నిస్తాను.

1924లో మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో చేరేటప్పటికి ఆమెకు 18 ఏళ్లు. అక్కడ తత్త్వశాస్త్రం చెప్పే మార్టిన్ హైడెగర్‌కు 35, పెళ్ళయింది, ఇద్దరు కొడుకులు. సంబంధం రహస్యంగా సాగింది. తరువాత ఆమె హైడెల్‌బర్గ్ వెళ్ళి తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ దగ్గర సెయింట్ అగస్టీన్ ప్రేమ గురించి ఏమన్నాడో దాని మీద డాక్టరేట్ చేసింది. 1929లో గ్యుంటర్ స్టెర్న్‌ను పెళ్ళి చేసుకుంది.

1933 వసంతంలో హైడెగర్ ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యాడు, మే నెలలో నాజీ పార్టీలో చేరాడు. అదే ఏడాది ఆమెను బెర్లిన్‌లో పోలీసులు పట్టుకుపోయారు. ఆమె దేశం విడిచిపోయింది. మళ్ళీ ఇద్దరూ ఎదురుపడింది 1950 ఫిబ్రవరిలో, ఫ్రైబుర్గ్‌లో.

ఆమె బతికి ఉండగా లోకానికి ఇదంతా తెలియదు. ఆమె శిష్యురాలు ఎలిజబెత్ యంగ్-బ్రూల్ 1982లో రాసిన జీవితచరిత్రతో బయటపడింది. 1998లో ఉత్తరాలు జర్మన్‌లో పుస్తకంగా వచ్చాయి. చూస్తే ఆయన రాసినవే ఎక్కువ. ఆమె దాచింది. తొలి రోజుల్లో ఆమె రాసినవాటిలో ఆయన దగ్గర మిగిలినవి బహు కొద్ది.

మామిడితాండ్ర

ఆ చివరి వాక్యం చాలు. నా తీర్పు సిద్ధం.

గోదారి_గట్టు

వేపచెట్టు గారూ, మీ కోపం అర్థమైంది కానీ నాకు మీ వాదన ఎక్కలేదు. అడిగితే తప్పేమిటి? నాజీ పాలన ఎలా పుట్టిందో ఎముక ఎముకా విడదీసి చూపించిన మనిషి, 1945 దాకా పార్టీ సభ్యత్వం వదలని పెద్దమనిషిని వెతుక్కుంటూ వెళ్ళి కలిసింది. ఇది పడకగది విషయం కాదు, ఆలోచనకు సంబంధించిన విషయం. రూసోను కూడా అడగాలి, కాదనను. ఒకచోట అడగలేదని రెండోచోట నోరు మూసుకోవాలంటే ఇక ఎవరినీ ఏమీ అడగలేం.

వేపచెట్టు_నీడ

అడగవద్దని నేనెక్కడ అన్నాను? అదొక్కటే అడిగారంటున్నాను. హక్కుల గురించి ఒక్క ప్రశ్న వచ్చి ఉంటే ఈ చర్చే పెట్టేదాన్ని కాదు.

న్యూజెర్సీ_సుబ్బులు

మా పెద్దమ్మ గుర్తొచ్చింది. తెలుగు శాఖలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసింది. ఛందస్సు మీద మంచి వ్యాసాలు రాసింది. సన్మాన సభలో వక్తలందరిదీ ఒకటే పాట: పెళ్ళి కూడా చేసుకోకుండా తమ్ముళ్లను చదివించిన త్యాగమూర్తి, ఆమె చేతి పులిహోర తినని వాడు పాపాత్ముడు. చివర్లో పెద్దమ్మ మైకు అందుకుని, ‘నేను ఏ త్యాగమూ చేయలేదు. నాకు పెళ్ళి ఇష్టం లేదు, చేసుకోలేదు. తమ్ముళ్లు స్కాలర్‌షిప్పుల మీద చదువుకున్నారు. పులిహోర మా వంటమనిషి చేసేది’ అని చెప్పి కూర్చుంది. వ్యాసాల ఊసు మాత్రం ఆ సభలో రానే లేదు.

లెక్కల_మాస్టారు

మీ పెద్దమ్మగారికి నా నమస్కారం అందజేయండి.

నిర్మొహమాటం

హైడెగర్ మీద ఇంత రభస దేనికి? ఆరెంట్‌ను నిలదీయాలంటే అంతకు పదింతల సరుకు బహిరంగంగానే ఉంది. ఉత్తరాలు తవ్వక్కర్లేదు.

1961 ఏప్రిల్‌లో జెరూసలేంలో, యూదులను మృత్యుశిబిరాలకు తరలించే పని నడిపిన నాజీ అధికారి ఐష్‌మన్ విచారణ మొదలైంది. న్యూయార్కర్ పత్రిక కోసం ఆమె వెళ్ళింది. విచారణ అంతా కూర్చోలేదు. కొంతకాలం ఉండి వచ్చేసి, మిగిలినది రికార్డులు చదివి రాసింది. 1963 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఐదు భాగాలుగా అచ్చయింది. ఐష్‌మన్ రాక్షసుడు కాదు, పడికట్టు మాటలతో బతుకు వెళ్ళదీసిన, ఎదుటివాడి స్థానంలో నిలబడి ఆలోచించడం చేతకాని ఒక అధికారి మాత్రమే అన్నది ఆమె పేరు నిలబెట్టిన వాదన. 2011లో బెట్టీనా స్టాంగ్నెత్, యుద్ధం తరువాత ఐష్‌మన్ అర్జెంటీనాలో దాక్కున్న నాటి టేపులు, రాతలు ముందు పెట్టుకుని చూపించింది: ఐష్‌మన్ తానేం చేస్తున్నాడో బాగా తెలిసి, నమ్మి చేశాడని, కోర్టులో కనిపించింది వేషమని.

అంతకన్నా నన్ను బాధించేది, తమ ఆజ్ఞలు అమలు చేయించడానికి నాజీలు యూదులతోనే పెట్టించిన యూదు మండళ్ల గురించి ఆమె రాసిన తీరు. మండళ్ల నాయకులు నాజీలకు సహకరించి ఉండకపోతే అంతమంది చచ్చేవారు కాదని రాసింది. మెడ మీద కత్తి ఉన్నవాళ్ల గురించి ఆ వెటకారపు గొంతుతో రాయవచ్చా? గెర్షోమ్ షోలెం పాత స్నేహితుడు, నీకు యూదు ప్రజల మీద ప్రేమ లేదని ఉత్తరం రాశాడు. ఆమె జవాబు ఏమిటో తెలుసా? నేను ఏ జాతినీ ప్రేమించలేదు, నా స్నేహితులను మాత్రమే ప్రేమిస్తాను, అని.

సభలో అడగవలసిన ప్రశ్న అది. మీవాళ్లు అది అడగకుండా చుట్టపుచూపు కబుర్లు అడిగారు. ఆ విషయంలో నేను వేపచెట్టు గారి వైపే.

పాతసంచిక

ఆ రాతకు ఆమె కట్టిన మూల్యం స్నేహితుల రూపంలోనే. కుర్ట్ బ్లూమెన్‌ఫెల్డ్ అని, యూదులకు సొంత దేశం కావాలన్న జియోనిస్టు నాయకుడు ఒకాయన, ఆమెకు తండ్రిలాంటివాడు. 1963 మేలో జెరూసలేంలో ఆయన పోయేనాటికి ఇద్దరి మధ్యా ఈ రాతే అడ్డు. మార్‌బుర్గ్‌లో కలిసి చదువుకున్న హాన్స్ యోనాస్ చాలాకాలం మాట్లాడటం మానేశాడు. తరువాత ఆయన భార్య చొరవతో కలిశారు.

1933 అరెస్టు కూడా బ్లూమెన్‌ఫెల్డ్ అప్పగించిన పని వల్లే. ప్రష్యన్ ప్రభుత్వ గ్రంథాలయంలో కూర్చుని, వృత్తి సంఘాలు, పత్రికలు యూదుల మీద కక్కే విషాన్ని కాగితాల మీదికి ఎక్కించుకోవడం ఆ పని. పట్టుకున్న పోలీసు అధికారి నేరస్తుల విభాగం నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడట, ఈమెను ఏం చేయాలో ఆయనకే తోచలేదట. లాయరును పెట్టుకోవద్దు, యూదుల దగ్గర ఇప్పుడు డబ్బెక్కడిది, దాచుకో, నిన్ను లోపలికి తెచ్చింది నేనే, బయటికి పంపేదీ నేనే అన్నాడని 1964లో జర్మన్ టెలివిజన్‌లో ఆమే చెప్పింది. ఎనిమిది రోజులకు వదిలేశారు. తల్లిని తీసుకుని కొండదారిన సరిహద్దు దాటి ప్రాగ్ చేరింది. కాగితాలు లేవు. సరిహద్దు మీద ఒక ఇల్లు, ముందు తలుపు జర్మనీలో, వెనుక తలుపు చెకొస్లొవేకియాలో. అందులోంచి పోయారు.

మామిడితాండ్ర

ఆ పోలీసాయన మీద సినిమా తీయాలి.

అమీర్‌పేట_అపర్ణ

నాకు ఈ ఆరెంట్ పెద్దగా తెలియదు కానీ ఇది చదువుతుంటే ఒక సందేహం. ఆమె స్త్రీల హక్కుల గురించి ఏమైనా రాసిందా? ఇప్పుడు మనం ఆమె తరఫున పోట్లాడుతున్నాం కదా, ఆమె మన తరఫున ఎప్పుడైనా పోట్లాడిందా?

వేపచెట్టు_నీడ

అదే వచ్చిన చిక్కు. పోట్లాడలేదు. పాతసంచిక గారు చెప్పిన ఆ 1964 ముఖాముఖిలోనే గ్యుంటర్ గాస్ అడిగాడు, ఇంతకాలం మగవాళ్లదనుకున్న రంగంలో ఆడమనిషిగా మీరు, అని. దానికి ఆమె, నేను తత్త్వవేత్తను కాను, నాది రాజకీయ సిద్ధాంతం, అని మొదట పేరే మార్చేసింది. తరువాత, ఆడవాళ్లు ఆజ్ఞలు జారీ చేస్తుంటే చూడటానికి బాగుండదు, నేను కొంచెం పాతకాలం మనిషిని, అంది. మొదటిసారి విన్నప్పుడు ఫోను విసిరికొట్టబోయాను.

లెక్కల_మాస్టారు

ఆజ్ఞలు జారీ చేయడం బాగుండదని ఆజ్ఞాపించింది అన్నమాట.

పాతసంచిక

1959లో ప్రిన్స్‌టన్ ఆమెను పిలిచింది. అక్కడ ప్రొఫెసర్ హోదా అందుకున్న తొలి మహిళ అని పత్రికలు హడావుడి చేశాయి. ఆమెకు అది నచ్చలేదు. మహిళా ప్రొఫెసర్ అనిపించుకోవడం ఎలా ఉందని అడిగిన విలేఖరితో, నాకేమీ ఇబ్బంది లేదు, ఆడదానిగా ఉండటం నాకు బాగా అలవాటే, అంది.

అమీర్‌పేట_అపర్ణ

ఈ జవాబు నచ్చింది. రేపు ఆఫీసులో వాడుకుంటాను.

గోదారి_గట్టు

సరే, అసలు వాదనకు వద్దాం. మన ప్రశ్నకు ఆమె తనే ఒక సిద్ధాంతం కట్టింది కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? 1958 నాటి ‘ది హ్యూమన్ కండిషన్’లో బయటి లోకం వేరు, ఇంటి లోపల వేరు అని గట్టిగా గీత గీస్తుంది. నలుగురూ చూసే వెలుతురులోనే రాజకీయం బతుకుతుంది. ప్రేమ అలా కాదు, నలుగురిలో ప్రదర్శనకు పెట్టిన క్షణాన ఆరిపోతుంది. ఇదీ ఆమె మాట. దీన్ని ఆధారం చేసుకుని ఆమె అభిమానులు, చూశారా, ఆమె వద్దన్నది, కాబట్టి ఉత్తరాలు ముట్టుకోకండి అంటారు.

కానీ ఆమె మొదట రాసిన జీవితచరిత్ర ఏమిటి? రాహేల్ ఫార్న్‌హాగెన్. బెర్లిన్‌లో తన ఇంటి హాలులో రచయితలను, రాకుమారులను కూర్చోబెట్టిన యూదు మహిళ. ఆమె ఉత్తరాలు, డైరీలు, ప్రేమలు, భగ్న ప్రేమలు అన్నీ ముందు వేసుకుని, రాహేల్ తన కథ తాను చెప్పుకుంటే ఎలా చెబుతుందో అలా రాస్తానంది ఆరెంట్. 1933లో పారిపోయే నాటికే చాలా భాగం రాసేసింది, అచ్చయింది మాత్రం 1950ల చివర్లో. రాహేల్ ఉత్తరాలు ఈమె చదవవచ్చు, ఈమె ఉత్తరాలు మనం చదవకూడదా?

న్యూజెర్సీ_సుబ్బులు

గోదారి గారూ, ఇది మాత్రం గట్టి దెబ్బ.

వేపచెట్టు_నీడ

దెబ్బ గట్టిదే, కానీ మీకే తగులుతుంది. రాహేల్ ఉత్తరాలతో ఆరెంట్ ఏం చేసిందో చూడండి. ఎవరితో తిరిగింది, ఎవరు వదిలేశారు అని లెక్క తీయలేదు. యూదురాలిగా పుట్టినందుకు సిగ్గుపడిన మనిషి, పెళ్ళితో, మతంతో, పేరు మార్పుతో ఆ పుట్టుక నుంచి బయటపడాలని చూసి, చివరికి అదే తన బతుకులో వదులుకోలేనిదని ఎలా తెలుసుకుందో చూపించింది. ఉత్తరాల్లోంచి ఒక కాలం బయటికి వచ్చింది. మా సభలో అడిగిన ప్రశ్నల్లోంచి ఏం బయటికి వచ్చింది? ‘భార్యకు తెలుసా?’

తెలుసు. 1950లో ఆయనే చెప్పాడు. ఇప్పుడు ఎవరి జ్ఞానం పెరిగింది?

నిర్మొహమాటం

ఆ గీత వల్ల నష్టం హైడెగర్ దగ్గర కాదు, లిటిల్ రాక్ దగ్గర జరిగింది. 1957 సెప్టెంబరులో ఆర్కన్సాలో నల్లజాతి పిల్లలను తెల్లవాళ్ల హైస్కూలులో చేర్చబోతే గుంపులు చేరి తిట్టాయి. ఆరెంట్ దాని మీద రాసిన వ్యాసం 1959లో డిసెంట్ పత్రికలో వచ్చింది. పిల్లలను ఎవరి పక్కన కూర్చోబెట్టాలన్నది సమాజానికీ తల్లిదండ్రులకూ సంబంధించినది, రాజకీయం కాదు, పెద్దల పోరాటం పసివాళ్ల నెత్తిన పెడతారా అని ఆ నల్లజాతి తల్లిదండ్రులనే తప్పుపట్టింది. నాజీ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన మనిషి!

మన ఊళ్లలో హాస్టళ్లలో, బడుల్లో పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టారో, ఎవరి కంచం వేరుగా ఉంచారో తెలిసినవాళ్లెవరూ అది రాజకీయం కాదనరు. నేను అనను. నా కంచం వేరుగా ఉండేది.

గోదారి_గట్టు

నిర్మొహమాటం గారూ, ఆ మాట ముందు నా వాదన చిన్నదైపోయింది. ఒప్పుకుంటాను.

పాతసంచిక

నల్లజాతి నవలా రచయిత రాల్ఫ్ ఎలిసన్ దానికి జవాబు చెప్పాడు. ఆ తల్లిదండ్రులు పిల్లలను బలి ఇవ్వడం లేదు, భయాన్ని ఎదుర్కోవడం నేర్పుతున్నారు, దక్షిణాదిలో నల్లబిడ్డ బతకాలంటే అది తప్పదు అని. 1965లో ఆరెంట్ ఆయనకు ఉత్తరం రాసింది, ఆ త్యాగం సంగతి తనకు అర్థం కాలేదని. కానీ ఆ మాట ఎక్కడా అచ్చు వేయలేదు. తప్పు అచ్చులో, దిద్దుబాటు కవరులో.

మామిడితాండ్ర

ఇంతసేపు చదివినా మొగుడి సంగతి ఎవరూ చెప్పలేదు. అసలు ఆయన ఉన్నాడా?

న్యూజెర్సీ_సుబ్బులు

ఉన్నాడు బాబూ, బ్రహ్మాండంగా ఉన్నాడు. నన్ను అడిగితే ఆమె జీవితంలో అసలు కథ ఇదే, హైడెగర్ కాదు.

హైన్రిష్ బ్లూషర్. బెర్లిన్ కార్మిక కుటుంబం, యూదుడు కాదు, ఒకప్పటి కమ్యూనిస్టు, చేతిలో డిగ్రీ లేదు. పారిస్‌లో ఇద్దరూ శరణార్థులుగా ఉన్నప్పుడు కలిశారు. అప్పుడామె యూదు పిల్లలను పాలస్తీనా పంపే సంస్థలో పనిచేసేది. 1940 జనవరిలో పెళ్ళి, స్టెర్న్ తరువాత ఆమెకు ఇది రెండోది. కొద్ది నెలలకే ఫ్రెంచి ప్రభుత్వం ఆమెను శత్రుదేశపు మనిషి అని గుర్స్ శిబిరంలో వేసింది. ఫ్రాన్స్ ఓడిపోయిన గందరగోళంలో కొందరు స్త్రీలు విడుదల కాగితాలు పుట్టించుకుని బయటపడ్డారు, వారిలో ఈమె ఒకరు. ఆగినవాళ్లలో చాలామందిని తరువాత ఆష్‌విట్జ్‌కు పంపారు.

1941 మేలో లిస్బన్ మీదుగా న్యూయార్క్ దిగారు. జేబులో చిల్లర. వెనకాలే తల్లీ వచ్చి చేరింది. అద్దె గదుల్లో ముగ్గురి కాపురం. అత్తకూ అల్లుడికీ పడేది కాదు. (ఈ మాట చదివి నాకు ప్రాణం లేచివచ్చింది, తత్త్వవేత్తల ఇళ్లలోనూ ఇంతే.) ఆమె మసాచుసెట్స్‌లో ఒక కుటుంబం దగ్గర కొన్నాళ్లు ఉండి ఇంగ్లీషు నేర్చుకుంది, పత్రికల్లో రాసింది, ఇల్లు నడిపింది. ఆయనకు ఇంగ్లీషు ఒక పట్టాన రాలేదు. చివరికి డిగ్రీ లేని ఆ మనిషి 1952 నుంచి బార్డ్ కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పాడు. పుస్తకం ఒక్కటీ రాయలేదు. నోటితో చెప్పేవాడు, ఆమె వినేది, ఎదురు చెప్పేది, రాసేది. ‘ఆరిజిన్స్’ పుస్తకం ఆయనకే అంకితం.

రాముడేమీ కాదు. ఇతర స్త్రీల గొడవలు కూడా ఉన్నాయి, ఆమెకు తెలుసు, బాధపడింది. అయినా మూడు దశాబ్దాలు ఒకరి ఆలోచన మీద ఒకరు ఆనుకుని బతికారు. ‘ఆయన పెట్టిన భిక్ష’ అన్న పెద్దమనిషికి ఈ కథ చెప్పాలి.

లెక్కల_మాస్టారు

చెబితే ‘చూశారా, అంతా మొగుడే చెప్పాడట’ అంటాడు. జాగ్రత్త.

వేపచెట్టు_నీడ

మాస్టారూ, నిజంగానే అంటాడు.

అమీర్‌పేట_అపర్ణ

స్నేహితురాళ్లు లేరా ఆమెకు? చుట్టూ మగవాళ్లే కనిపిస్తున్నారు.

పాతసంచిక

మేరీ మెకార్తీ. నవలా రచయిత్రి. మొదట్లోనే చెడింది. యుద్ధకాలంలో ఒక విందులో మెకార్తీ, పారిస్ వాళ్లు తనను ప్రేమించాలని కోరుకున్న హిట్లర్‌ను చూస్తే జాలేస్తోందని ఏదో చమత్కారం చేయబోయింది. శిబిరం నుంచి వచ్చిన నా ముందా ఈ మాట అని ఆరెంట్ లేచిపోయింది. కొన్నేళ్లకు ఏదో సమావేశం నుంచి వస్తూ ఇద్దరూ భూగర్భ రైలు ప్లాట్‌ఫారం మీద ఎదురుపడ్డారు. ఈ పిచ్చి గొడవ ఆపేద్దాం, మన ఇద్దరి ఆలోచనలూ ఒకలాగే ఉన్నాయి, అంది ఆరెంట్. అంతే, చచ్చేదాకా స్నేహం.

1962 మార్చిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆమె వెళుతున్న టాక్సీని లారీ గుద్దింది. పక్కటెముకలు విరిగాయి, తలకు దెబ్బ. స్పృహ వచ్చాక ఏం చేసిందో మెకార్తీకి రాసింది. ముందు కాళ్లూ చేతులూ కదులుతున్నాయో లేదో చూసుకుందట, తరువాత జ్ఞాపకశక్తి ఉందో లేదో పరీక్షించుకుందట. దశాబ్దం తరువాత దశాబ్దం, గ్రీకు పద్యాలు, జర్మన్ పద్యాలు, ఇంగ్లీషు పద్యాలు, ఆ తరువాత టెలిఫోన్ నంబర్లు. అన్నీ ఉన్నాయి.

1975 డిసెంబరు 4న, రివర్‌సైడ్ డ్రైవ్‌లోని తన ఇంట్లో, భోజనానికి వచ్చిన స్నేహితులకు కాఫీ ఇస్తూ గుండె ఆగి పోయింది. రాస్తున్న ఆఖరి పుస్తకంలో రెండు భాగాలే పూర్తయ్యాయి. దాన్ని సరిచేసి అచ్చు వేయించడానికి మెకార్తీ తన నవల పని పక్కన పెట్టింది. హైడెగర్ ఉత్తరాల మీద పెట్టే శ్రద్ధలో సగం వీళ్లిద్దరి ఉత్తరాల మీద పెడితే ఎంత బాగుండును.

మామిడితాండ్ర

టెలిఫోన్ నంబర్లా! నాకు నా నంబరే గుర్తుండదు. నాకు లారీ గుద్దితే మతి పోయిందో లేదో డాక్టర్లు తేల్చలేరు.

గోదారి_గట్టు

నేను ఇంకా హైడెగర్ దగ్గరే ఉన్నాను, తిట్టుకోండి. 1925లో ఏం జరిగిందో నాకు అక్కర్లేదు. ఆమెకు 18, ఆయన గురువు, ఇవాళ అయితే ఆయన ఉద్యోగం పోయేది. అందులో ఆమె తప్పు వెతికేవాడికి బుద్ధి లేదు. నా ప్రశ్న 1969 మీద. ఆయన 80వ పుట్టినరోజుకు ఆమె చేసిన ప్రసంగం రేడియోలో వచ్చింది, అచ్చయింది. అది ఉత్తరం కాదు, బహిరంగం. అందులో ఏమంది? పెద్ద ఆలోచనాపరులకు నియంతల మీద మొగ్గు ఒక వృత్తిరోగంలాంటిదని, ప్లేటో కూడా సిరక్యూస్ వెళ్ళి అలాగే భంగపడ్డాడని. ఇదే మనిషి 1946లో యాస్పర్స్‌కు రాసిన ఉత్తరంలో, హైడెగర్ తన గురువైన యూదు తత్త్వవేత్త హుస్సెర్ల్ పట్ల ప్రవర్తించిన తీరుకు ఆయనను హంతకుడితో సమానంగా చూస్తున్నానంది. 1953లో తన నోటుబుక్కులో ఆయనను తన ఉచ్చులో తానే కాపురం పెట్టిన నక్క అని కథ రాసుకుంది. లోపల అంత స్పష్టంగా చూసిన మనిషి బయట ఎందుకు మెత్తబడింది?

వేపచెట్టు_నీడ

ఇదిగో, ఈ ప్రశ్న మా సభలో ఎవరైనా అడిగి ఉంటే లేచి దండం పెట్టేదాన్ని. నా జవాబు: ఆ ప్రసంగం ఆమె రాసినవాటిలో బలహీనమైనది. ఐష్‌మన్‌ను ఆలోచించడం చేతకానివాడని పట్టుకున్న మనిషి, ఆలోచించడమే వృత్తిగా ఉన్నవాడు అదే గోతిలో ఎలా పడ్డాడో చెప్పవలసి వచ్చేసరికి చతికిలపడింది. దాన్ని ప్రేమతో కొట్టిపారేయకుండా వాదనగా తీసుకుని తప్పుపట్టాలి. ఆమెకు ఇవ్వవలసిన గౌరవం అదే.

నిర్మొహమాటం

ఈ ఒక్కదానికి నేనూ మీ ఇద్దరితో. ఐష్‌మన్ విషయంలో మాత్రం తగ్గను.

న్యూజెర్సీ_సుబ్బులు

370 రివర్‌సైడ్ డ్రైవ్ పోయిన వేసవిలో బయట నుంచి చూసి వచ్చాను. కాపలాదారు ఎవరి కోసం అని అడిగితే ఆరెంట్ అన్నాను. ఏ అంతస్తు అని అడిగాడు.

అమీర్‌పేట_అపర్ణ

ఇప్పుడు నాకు చదవాలని ఉంది. మొదట ఏది? ‘ఆరిజిన్స్’ లావు చూసి భయం వేసింది.

నిర్మొహమాటం

ఐష్‌మన్ పుస్తకం. వేగంగా సాగుతుంది, కోపం వస్తుంది, కోపంతో చదివితేనే గుర్తుంటుంది.

వేపచెట్టు_నీడ

వద్దు. దానితో మొదలుపెట్టినవాళ్లు అక్కడే ఆగిపోతారు. ‘ఆరిజిన్స్’లో దేశాల పతనం, మానవ హక్కుల అంతం గురించిన అధ్యాయం ఒక్కటి విడిగా చదవండి.

పాతసంచిక

రెండూ వద్దు. 1943లో శరణార్థుల గురించి రాసిన చిన్న వ్యాసం ఉంది, ఒక్క సాయంత్రానికి సరిపోతుంది. మమ్మల్ని శరణార్థులు అని పిలవడం మాకు ఇష్టం ఉండదు అంటూ మొదలవుతుంది. బెర్లిన్‌లో ఉన్నప్పుడు నూటికి నూట యాభై పాళ్లు జర్మన్ అనిపించుకున్న కోన్ గారు, ప్రాగ్‌లో చెక్ దేశభక్తుడు, వియన్నాలో ఆస్ట్రియన్ దేశభక్తుడు, పారిస్‌లో ఫ్రెంచివాడు అయిపోయే కథ అందులోనే. ఒక పొట్టికాళ్ల కుక్క కూడా ఉంది. దేశం కాని దేశం వచ్చి దిగులుపడి, ‘ఒకప్పుడు నేను సెయింట్ బెర్నార్డ్‌గా ఉన్న రోజుల్లో’ అని మొదలుపెడుతుంది.

న్యూజెర్సీ_సుబ్బులు

ఆ కుక్క మా అపార్టుమెంట్లోనే ఉంటుంది. సాయంత్రం నడకకు వెళితే రోజూ కలుస్తుంది, ఊళ్లో తనకు ఎన్ని ఎకరాలు ఉండేవో చెబుతుంది.

లెక్కల_మాస్టారు

ఎన్ని ఎకరాలట?

న్యూజెర్సీ_సుబ్బులు

పోయిన ఏడాది ముప్పై. ఇప్పుడు నలభై అయింది.